ముళ్లపంది వంతు

నర్సు చదువు చదువుతున్న ముళ్లపంది సూరమ్మకు ఆ రోజు పెద్ద పరాభవమే జరిగింది. జ్వరంతో పడుకున్న నక్క కళ్లు తెరిచి ఆమెను చూసి, "ఇన్ని సూదులా! చచ్చాన్రా దేవుడో!" అంటూ మంచంతో సహా పారిపోయింది.

రోజూ సాయంత్రం శిష్యులను గుండ్రంగా కూర్చోబెట్టి మనసులో మాట చెప్పించడం కొంగ టీచరమ్మకు అలవాటు. సూరమ్మ తన వంతు రాగానే బావురుమంది. అంతే! పక్కనున్న కుందేలు ఆమె నాడి పట్టుకుంది. బాతు ఆమె గొంతులో మందు పోసింది. కోతి ఆమె మూతి మీదుగా కట్టు కట్టేసింది.

"ఇంతకీ దానికేమైందర్రా?" అంది కొంగ.

కుందేలు మళ్లీ నాడి పట్టుకుంది.

"కట్టు విప్పండి. ఎవరి చేతుల మీద వాళ్లు కూర్చోండి. బాతూ, నువ్వు రెక్కల మీద! అది చెప్పడం అయ్యేలోపు కదిలారో, ముక్కుతో పొడుస్తా!"

సూరమ్మ నక్క సంగతంతా చెప్పుకుంది. కోతి మెల్లగా అంది: "నన్ను చూసి మా రోగి నవ్విన నవ్వుకు కుట్లన్నీ పిగిలిపోయాయే. సిగ్గేసి ఎవరితోనూ చెప్పలా."

సూరమ్మకు నవ్వు ఆగలేదు. పడీపడీ నవ్వేసరికి ముళ్లన్నీ లేచి అటు కుందేలుకూ ఇటు కోతికీ గుచ్చుకున్నాయి.

"అబ్బా!" అన్నారు గానీ, ఇద్దరూ అంగుళం కూడా పక్కకు జరగలేదు.