పట్టాలు లేని ఏడు

ఆ ఒక్క ఆకు చెరిపెయ్యమని అత్తగారు, చెరిపేది లేదని కోడలు. నిన్న మొదలైన వాదన ఇవాళ కాఫీల వేళకి కూడా తెగలేదు.

హాలు గోడ మీద మనవరాలు రంగులతో పెద్ద చెట్టు వేసింది. ఆదివారం చుట్టాలంతా వస్తున్నారు. వాళ్లకి వంశవృక్షం చూపించి మెప్పు పొందాలని దాని ఆశ. ముత్తాతల నుంచి మొన్న పుట్టిన పసిగుడ్డు దాకా తలా ఒక ఆకు. నానమ్మ పేరున్న ఆకు పక్కనే నానమ్మ అక్క పేరుతో ఇంకో ఆకు. గొడవంతా దాని గురించే.

"లేచిపోయినదానికి ఆకొకటా? మా నాన్న ఆ పేరు ఈ ఇంట్లో పలకనివ్వలేదు. నువ్వు గోడకెక్కిస్తావా?" అంది అత్తగారు.

"ఎక్కించింది మీ మనవరాలు. నేను చెరపనంటున్నానంతే," అంది కోడలు.

కోడలు బడిలో చరిత్ర చెబుతుంది. ఏ సంగతైనా ఏ ఏడు, ఏ కాలం అని ఆరా తీయందే ఊరుకోదు. ఉప్పుడబ్బా కనపడకపోయినా ఆఖరిసారి ఎవరు చూశారన్న దగ్గర మొదలుపెడుతుందని మొగుడి వేళాకోళం. ఆ మొగుడు ఇప్పుడు అడకత్తెరలో పోకచెక్కలా ఇరుక్కుని, మొహానికి పేపరు అడ్డం పెట్టుకున్నాడు.

అత్తగారి మొండితనానికి కారణం పరువొక్కటే కాదు. ఇది ఆమె పుట్టిల్లే. మగపిల్లలు లేని ఇంటికి ఆమె భర్త ఇల్లరికం వచ్చాడు. చిన్నప్పుడు అక్కాచెల్లెళ్లు ఈ ఇంట్లోనే ఒకే దుప్పటి కప్పుకుని పడుకునేవాళ్లు. ఒకరోజు తెల్లారి లేచేసరికి పక్కన అక్క లేదు. తనకి మాటమాత్రం చెప్పకుండా పోయిందన్న మంట ఈ వయసుకీ ఆరలేదు. మనవరాలు కాస్త ఎదురు చెబితే చాలు, "అచ్చం మా అక్క పోలికే" అనేది. ఆ ఇంట్లో అంతకు మించిన తిట్టు లేదు.

ఆ మనవరాలే బ్రష్షు తుడుచుకుంటూ, ప్రతి ఆకు కిందా ఎప్పుడు పుట్టారో, ఎక్కడికి వెళ్లారో రాశానని, ఈ ఆకు కింద ఏం రాయమంటారని అడిగింది.

"దర్జీవాడితో రాత్రి రైలెక్కి పోయిందని రాయి," అంది నానమ్మ.

"అది ఏ ఏడత్తయ్యా?" అంది కూర తరుగుతున్న కోడలు.

"ఏడూ గీడూ నాకేం తెలుసు. పాలపళ్లు ఊడి కొత్తవి వస్తున్నాయి నాకు. యుద్ధం రోజులు. బాంబుల భయానికి దీపాలకి నల్లకాగితం చుట్టేవాళ్లు. నీళ్లు చేదెక్కాయని నాన్న బావి పూడ్పించిన ఏడు."

కోడలి చేతిలో కత్తి ఆగింది.

"నల్లకాగితం రోజుల్లో రైలెక్కడిదత్తయ్యా?"

యుద్ధానికి ఇనుము కావాలని తెల్లదొరలు ఇక్కడి పట్టాలు ఊడబెరికి ఓడలకెక్కించారని, అది దీపాలకి కాగితం చుట్టక ముందేనని, యుద్ధం ముగిసి కొన్నేళ్లు గడిచేదాకా ఈ ఊరికి రైలే రాలేదని ఆమె నెమ్మదిగా చెప్పింది. బడిలో ఏటా చెప్పే పాఠమే. ఇంటి సంగతికి దాన్ని ముడిపెట్టి చూడాలని ఇన్నాళ్లూ ఆమెకీ తోచలేదు.

"నీ పాఠాలు పిల్లలకి చెప్పుకో. నాన్న కళ్లారా చూశాడు. స్టేషనుకి పరిగెత్తేసరికి అప్పుడే రైలు..."

కొడుకు పేపరు దించాడు.

"రైలుకట్ట మీద ఆడుకునేవాళ్లం," అంది అత్తగారు, ఎవరితోనూ కాదన్నట్టు. "ఉత్త కంకరే ఉండేది. అక్క ముందు పరిగెత్తేది. రైలొస్తోంది తప్పుకోవే అని నేను వెనక నుంచి కేకేస్తే, పడీపడీ నవ్వేది."

రైలెక్కిన అక్క, రైలు లేని కట్ట. ఇన్నేళ్లూ రెండూ ఆ ఒక్క తలలోనే ఉన్నాయి. ఎన్నడూ ఒకదానికొకటి ఎదురుపడలేదు.

మరి ఆ దర్జీ ఏమయ్యాడని కొడుకు అడిగాడు. అతను సైనికుల బట్టలు కుట్టే పనికి అంతకుముందే ఊరు విడిచాడని, ఆ మాట తన తల్లి ఒకసారి నోరు జారి అని, తండ్రి చెప్పుల చప్పుడు వినగానే మిగతాది మింగేసిందని చెప్పింది అత్తగారు.

ఆ తర్వాత ఆమె పెరట్లోకి వెళ్లి, బట్టలుతికే గట్టుకి ఎదురుగా కూర్చుంది. కోడలు కాఫీ పట్టుకెళితే అది అలాగే చల్లారింది. మనవరాలు తడిగుడ్డ చేతిలో పట్టుకుని, చెరపాలో వద్దో తెలియక గోడ దగ్గరే తచ్చాడింది.

భోజనాలకి అందరూ కూర్చున్నాక అత్తగారు లోపలికి వచ్చింది. కంచం ముందు కూర్చోలేదు. గోడకి దగ్గరగా వెళ్లి, తన ఆకు పక్కనున్న ఆకుని వేలితో తడిమింది.

"ఉండనీ. ఎక్కడికెళ్లిందన్నది మాత్రం ఇప్పుడే రాయకు," అంది మనవరాలితో.

తర్వాత కొడుకు వైపు తిరిగి, మజ్జిగ అందించమన్నంత మామూలుగా చెప్పింది.

"రేపు పలుగులతో మనుషుల్ని పిలిపించు. ఆ బట్టలుతికే గట్టు పగలగొట్టించాలి. దాని కిందే ఆ పూడ్చిన బావి. అక్క కనపడలేదని నేను ఏడుస్తుంటేనే, నాన్న రాళ్లబళ్లు తోలించాడు."