వెనక ఖాళీ ఉంది, బాబూ

పచ్చ దీపం వెలిగినా ముందున్న వ్యాను కదల్లేదు.

గడియారాల షాపాయన హారన్ మీద చెయ్యి వేసి తియ్యడం మర్చిపోయాడు.

"కాసేపాగండి. ఏం కొంపలు మునిగిపోయాయని?" అంది పక్కనున్న భార్య.

"రోడ్డేమన్నా వాడి అబ్బసొత్తా?"

పక్కనుంచి వ్యానును దాటేస్తూ, దాని డ్రైవరు వైపు చెయ్యి ఊపి ఒక మాట అన్నాడు. అద్దం వేసుంది కాబట్టి ఆ మాట వినపడి ఉండదు. చెయ్యి మాత్రం కనపడింది.

రెండు మలుపులు తిరిగాక చూస్తే వ్యాను వెనకే ఉంది. మూడో మలుపులో పక్కకొచ్చింది. బస్టాపు ముందు అడ్డంగా ఆగింది.

ఆరడుగుల మనిషి దిగాడు. చేతిలో చక్రాల బోల్టులు విప్పే ఇనప రాడ్డు.

గడియారాలాయనకి పై ప్రాణాలు పైనే పోయాయి. తలుపులకు తాళం పడిందో లేదో రెండుసార్లు చూసుకున్నాడు. నలుసంత స్క్రూలను కూడా వణక్కుండా బిగించే వేళ్ళు, డ్యాష్‌బోర్డు అర తెరవడానికి తడబడ్డాయి.

షాపులో రెండుసార్లు దొంగలు పడ్డాక లైసెన్సు తీసుకుని కొన్న పిస్తోలు అందులో ఉంది. శిక్షణలో తప్ప ఇంతవరకు దాన్ని బయటికి తీసింది లేదు.

"ఏమండీ, మీకు దణ్ణం పెడతాను. దాన్ని తియ్యకండి." భార్య అతని మణికట్టు పట్టుకుంది.

"వదులు! చంపడానికొస్తున్నాడు, కనపడట్లేదా?"

రాడ్డు ధడేలుమని బానెట్ మీద పడింది.

"దిగరా! ఇందాక ఏమన్నావో ఇప్పుడను!"

పిస్తోలు ఒళ్ళోకొచ్చింది. భార్య కళ్ళు మూసుకుంది.

అప్పుడే అతని వైపు అద్దాన్ని ఎవరో వేలితో తట్టారు.

బక్కపలచటి ముసలాయన. బస్టాపులోంచి వచ్చినట్టున్నాడు. ఆయన చూపు తిన్నగా ఒళ్ళో ఉన్న పిస్తోలు మీద పడింది. ముఖం పాలిపోయింది. గొంతు మాత్రం నెమ్మదిగానే ఉంది.

"బాబూ, అద్దం దించకు. చేతులు రెండూ స్టీరింగు మీద పెట్టు. వెనక ఖాళీ ఉంది, మెల్లగా వెనక్కి పో."

మాటలు చెవిన పడుతూనే ఉన్నాయి. కాళ్ళూ చేతులే మాట వినడం లేదు.

ముసలాయన ఒక్క క్షణం చూశాడు. వెళ్ళి కారుకీ రాడ్డుకీ మధ్య నిలబడ్డాడు.

"తప్పయిపోయింది నాయనా. మావాడే. కాస్త నోటిదురుసు."

"నువ్వెవడివి? తప్పుకో!"

"వాడి మామని. నన్ను తిట్టు, పడతాను. లోపల మా అమ్మాయి హడలిపోతోంది."

దెబ్బ ఆయన భుజం మీద పడింది. కూలబడ్డాడు. లేచి మళ్ళీ అక్కడే నిలబడ్డాడు. ఒక చెయ్యి పైకి లేవలేదు. రెండోదొక్కటే ఎత్తి దణ్ణం పెట్టాడు.

బస్టాపులో జనం లేచి నిలబడ్డారు. వ్యాను మనిషి అటూ ఇటూ చూసి రాడ్డు దించాడు.

"ముసలాడివని వదిలేస్తున్నా," అని నేల మీద ఉమ్మేసి, వ్యానెక్కి వెళ్ళిపోయాడు.

వ్యాను కనుమరుగయ్యాక గడియారాలాయన పిస్తోలు అరలో పెట్టి దిగాడు. జనం తననే చూస్తున్నారు. భయం కోపంగా మారడానికి ఎంతోసేపు పట్టలేదు.

"నా తరఫున క్షమాపణ చెప్పమని నిన్నెవరడిగారు?"

"పోనీలే బాబూ. ఎవరి ప్రాణానికీ ఏమీ కాలేదు."

"నా దగ్గర లైసెన్సుంది. వాడు రాడ్డుతో వచ్చాడు. చట్టం నా వైపుంది, తెలుసా?"

"వెనక ఖాళీ కూడా ఉంది, బాబూ."

"నీలాంటి పిరికివాళ్ళ వల్లే ఇలాంటివాళ్ళు రెచ్చిపోతున్నారు!"

ముసలాయన వేలాడుతున్న చేతిని రెండో చేత్తో పట్టుకున్నాడు. భార్య దిగి, తన చున్నీతో ఆయన చేతిని మెడకు కట్టింది. పేరడిగింది. ఆయన చెప్పాడు.

"ఆసుపత్రిలో దింపి వెళ్దామండీ."

"ఆయనకి బస్సుందిగా. ముందు నువ్వు ఎక్కు."

పోలీసు స్టేషన్లో ఫిర్యాదు రాసుకుంటున్నాయన ఉద్యోగ విరమణకు దగ్గరపడ్డ మనిషి. జరిగిందంతా ఓపిగ్గా విన్నాడు.

"ఒక మాట చెప్పండి సార్," అన్నాడు గడియారాలాయన. "నేను కాల్చి ఉంటే తప్పయ్యేదా?"

"అద్దం వేసుందన్నారు, వెనక దారుందన్నారు. అప్పుడే తీసి కాలిస్తే మీరే ఇరుక్కునేవాళ్ళు. తప్పించుకునే దారి లేక, ప్రాణం మీదికొస్తే అది వేరే సంగతి." పోలీసాయన కుర్చీలో వెనక్కి వాలాడు. "నేను కొత్తగా చేరినప్పుడు ఇలాంటిదే జరిగింది. అవతలివాడు అద్దం బద్దలుకొట్టి కారాయన గొంతు పట్టుకున్నాడు. కారాయన కాల్చాడు. వాడక్కడికక్కడే పోయాడు. ప్రాణరక్షణ కోసమేనని కోర్టు వదిలేసింది."

"విన్నావా?" అన్నాడు గడియారాలాయన భార్యతో. "మగాడంటే అలా ఉండాలి. మనకి దొరికాడొక దద్దమ్మ!"

భార్య తల తిప్పుకుంది.

"మధ్యలోకొచ్చినాయన సాక్ష్యం కావాలి," అన్నాడు పోలీసాయన. "పేరేమన్నా తెలుసా?"

ఆమె పేరు చెప్పింది.

సగం రాసిన పెన్ను ఆగిపోయింది.

"బాగా తగిలిందా ఆయనకి?"

"చెయ్యి విరిగినట్టుందండీ."

పోలీసాయన మిగతా సగం రాసి పెన్నుకు మూత పెట్టాడు.

"ఆనాడు కాల్చింది ఆయనేనమ్మా," అన్నాడు, గడియారాలాయన వైపు చూడకుండా.