నెత్తుటిలో మంట

“ఈ పొద్దు ఏం వారమప్పా?”

చిక్కవెంకటప్ప కూతురి వైపు చూశాడు. పెదవులు కదిలాయి. మాట రాలేదు. మెల్లగా గోడ వైపు తిరిగిపోయాడు.

నిన్న చంద్రిక అడిగిన ఇదే ప్రశ్నకు, కష్టం మీదనైనా, “బేస్తవారం” అన్నాడు. ఈ రోజు అదీ లేదు.

కామసముద్రంలో రాగి కోతలు ముగించుకొని, ఆవులను తమ్ముడు నంజుండప్పకు అప్పగించి, చలికాలం గడిపేందుకు ఆయన రాబర్ట్‌సన్‌పేటలోని కూతురింటికి వచ్చాడు. వచ్చినప్పటి నుంచీ మనిషి చిక్కిపోతున్నాడు. చంద్రిక రక్తపరీక్ష చేయించింది. ఒంట్లో వాపు, మంట ఉంటే పెరిగే సి.ఆర్.పి. అనే అంకె ఐదు దాటకూడదట, నలభై దాటింది. మళ్ళీ చేయించింది. తగ్గలేదు.

“ఒంట్లో యాడో మంట ఉండాదమ్మా. ఊపిరితిత్తులు బాగుండాయి, మూత్రం బాగుండాది. మరి యాడుండాదో తెలియల్ల,” అన్నాడు బజారువీధి డాక్టరు. “నొప్పేమన్నా ఉందా పెద్దాయనా?”

చిక్కవెంకటప్ప లేదన్నట్టు తల ఊపాడు.

ఆ సాయంత్రం చంద్రిక ఫోనులో చదివింది. నెత్తుటిలో ఇటువంటి మంట ఏళ్ళ తరబడి ఉన్నవారి మెదడు వయసుకు మించి ముసలిదవుతుందని, జ్ఞాపకం సన్నగిల్లుతుందని కొన్ని అధ్యయనాలు సూచిస్తున్నాయట. ‘సూచిస్తున్నాయి’ అన్న మాట దగ్గర ఆమె ఆగలేదు. భయం ఎవరినీ అక్కడ ఆగనివ్వదు.

అంతే, ఎటు చూసినా ఆనవాళ్ళే. నలభై ఏళ్ళుగా నోట్లో ఆకువక్క లేనిదే అరుగు దిగని మనిషి వక్కల సంచి ముట్టడమే మానేశాడు. మూడు పూటలా రాగిముద్దే కావాలంటాడు. పులుసులో అద్దుకొని గుటుక్కున మింగి లేచిపోతాడు. చెనిక్కాయలు వేయించి పెడితే కొత్తవస్తువును చూసినట్టు చూసి పళ్ళెం జరిపేస్తాడు. పగలంతా చలి చలి అంటూ తువాలు చెవుల మీదుగా చుట్టుకొని కూర్చుంటాడు. నెలల పేర్లు వెనక నుంచి చెప్పమంటే రెండు చెప్పి ఆగిపోయాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ నీళ్ళు చూసి చంద్రిక వంటింట్లోకి పోయి కొంగు నోట్లో కుక్కుకుంది.

“మామ ఎప్పుడు మాట్లాడినాడు గనక?” అన్నాడు ఆమె భర్త సోమశేఖర్, బెంగళూరు రైలుకు బూట్లు తొడుక్కుంటూ. “పెండ్లిచూపుల్లో గూడా తల ఊపే కదా నన్ను ఒప్పుకొనింది! ఆ ఒక్కసారి మటుకు మతి తప్పినాడనుకో.”

“నీకు ఎగతాళిగా ఉండాదా? రేపు మా నాయన నన్ను జూసి ‘నువ్వెవురమ్మా’ అంటే నేను యాడికి పోయి చావాల?”



డాక్టరు కూడా సర్దిచెప్పాడు. “నువ్వు ఫోనులో చదివింది వేలమందిని చూసి కట్టిన సగటమ్మా, మీ నాయన జాతకం కాదు. రెండు సంగతులు జతగా కనబడినంత మాత్రాన ఒకటి రెండోదానికి కారణమైపోదు. అయినా నీ మనసు ఊరుకోదంటే కోలారుకు పోయి తలకు స్కానింగు తీయించుకొని రా.”

మనసు ఊరుకోలేదు. కోలారు బస్సులో తండ్రిని కిటికీ పక్కన కూర్చోబెట్టుకుంది. ఊరు దాటేలోగా ధైర్యం కూడగట్టుకొని అడిగింది.

“అప్పా, నా పేరు చెప్పు.”

ఆయన ఆమె చేతిని తన అరచేతిలోకి తీసుకొని నిమిరాడు. పేరు మాత్రం చెప్పలేదు. దారి పొడుగునా చంద్రిక ఆ చేతిని వదల్లేదు.

స్కానింగు గది ముందు నర్సు గలగలా మాట్లాడుతూ వచ్చింది. “ఉంగరం, మొలతాడు తీసెయ్యాల తాతా. కట్టుడు పండ్లుంటే అవీ తీసెయ్యాల. ఏదీ, నోరు తెరువు, చూస్తాను.”

చిక్కవెంకటప్ప రెండు చేతులతో నోరు గట్టిగా మూసుకున్నాడు. నర్సు చెయ్యి చాపితే వెనక్కి వెనక్కి జరిగి గోడకు ఆనుకున్నాడు.

“ఏమక్కా, తాతకు మాట అర్థం కాదా?” అంది నర్సు.

చంద్రిక ఇక తట్టుకోలేకపోయింది. తండ్రి కాళ్ళ దగ్గర కూలబడింది. “అప్పా, నీకు దండం పెడతాను! నేనెవురో నీకు గుర్తుండాదా లేదా, అదొక్కటి చెప్పు!”

ముసలాయన చేతులు నెమ్మదిగా దిగాయి. చిన్నపిల్లవాడిలా వెక్కుతూ, ఒక్కొక్క మాటా కూడగట్టుకొని అన్నాడు:

“మా యమ్మ పైపన్ను పీకించుకొన్నాకనే కదా నన్ను ‘ఎవుర్రా నువ్వు’ అనింది, చెప్తే నువ్వూ నాకు పీకిస్తావు, యాడ నేనూ నిన్ను మరిచిపోతానో అని, చంద్రీ, ఈ పంటిపోటు ఎవురికీ తెలియనీకుండా ఇన్నాళ్ళూ నోరు మూసుకొనుండాను.”