పుస్తకంలో కందిపప్పు

కిరాణా అంగడి తిమ్మరాయప్ప ఆడవాళ్ళ ముఖం చూసి ధర చెబుతాడని, కందిపప్పు కిలోకు నాలుగు రూపాయలు మింగుతున్నాడని కొళాయి దగ్గర సుబ్బలక్ష్మమ్మ చెప్పింది. ఆమె చూసింది లేదు. వాళ్ళాయన చెప్పాడట.

ఆయనకెవరు చెప్పారని ఎస్తేరు అడిగింది.

"ఇంకెవురు, మీ ఆయనే. నువ్వు రాసే లెక్క పుస్తకం చూసి, వేరే అంగట్లో ధర అడిగినాడంట."

ఎస్తేరు బిందె నిండి పొర్లిపోతోంది. ఆమె గమనించలేదు.

అంగట్లో పప్పు ఇరవై ఆరు. పుస్తకంలో ముప్ఫై అని రాసింది తనే. నూనె మీద మూడు, చింతపండు మీద రెండు. ఏడాదిగా అలా మిగిల్చిందంతా బియ్యం డబ్బా అడుగున ఉంది. కూతురు లిడియా నర్సింగు ఫీజుకి. ఆడపిల్లకి పీయూసీ చాలన్నాడు మొగుడు సుందరరావు.

ఆదివారం చర్చి నుంచి రాగానే సుందరరావు పుస్తకం చంకన పెట్టుకున్నాడు.

"పద. ఆ దొంగని నీ ముందే అడుగుతా."

నడుస్తూనే చేతి వాచీ విప్పాడు. వాచీ విప్పిన చేయి తర్వాత ఎక్కడ పడుతుందో ఎస్తేరుకు తెలుసు.

సరుకుల చీటీ ఇవ్వడం తప్ప తిమ్మరాయప్పతో ఆమె ఏనాడూ మాట్లాడలేదు. ఎక్కడినుంచో వచ్చి లింగరాజపురంలో అంగడి పెట్టుకున్న మనిషి.

సుందరరావు పుస్తకం తెరిచి ముప్ఫై మీద వేలు పెట్టాడు.

తిమ్మరాయప్ప పుస్తకం చూశాడు. వాచీ వైపే చూస్తున్న ఎస్తేరును చూశాడు. సుందరరావు గుప్పిట్లోని వాచీని చూశాడు.

"అవునప్పా. అమ్మకి ధర తెలీదని నేనే ఎక్కువేసినా."

నలుగురూ విన్నారు. సుందరరావు తిట్టవలసినవన్నీ తిట్టి, వాచీ పెట్టుకున్నాడు. ఎస్తేరు పుస్తకం తీసుకుని అతని వెనకే నడిచింది.

తర్వాత ఆ అంగడి గడప ఎవరూ తొక్కలేదు. డబ్బా అడుగు డబ్బు చర్చి సాయమని చెప్పి కట్టాక, లిడియా నర్సింగు కాలేజీలో చేరిన వారానికే తిమ్మరాయప్ప తక్కెడ, డబ్బాలు తోపుడుబండి మీదికి ఎక్కించాడు. దొడ్డబళ్ళాపురం పోతున్నాడట.

ఎస్తేరు కొంగు తల మీదికి లాక్కుని వెళ్ళింది.

"నేను మీకేమవుతానని ఆ నింద నెత్తినేసుకున్నారు? నిజం చెప్పుంటే మీ అంగడి నిలిచేది కదా."

తిమ్మరాయప్ప తాడు బిగిస్తూ తల ఎత్తకుండానే అన్నాడు.

"మా యమ్మా ఇట్లే రాస్తావుండె. మా నాయన పొయ్యి అడిగితే అంగడి ఆయప్ప నిజమే చెప్పినాడు. తెల్లారి మా యమ్మ లేవలేదు."