కెమెరా పక్కన పచ్చలైటు

గాజుల దుకాణంలో బిల్లులు కొట్టే కంప్యూటర్ కెమెరా దానంతటదే మేల్కొంటోంది. పక్కనున్న పచ్చలైటు అర నిమిషం వెలుగుతుంది, ఆరిపోతుంది. అది వెలిగిందంటే చాలు, కౌంటర్‌లో కూర్చునే సుజన ముఖం పాలిపోతుంది. చేతిలో పని అక్కడే వదిలేసి బయటికి పరుగెత్తుతుంది. పావుగంటకు గాని తిరిగి రాదు.

"పొల్లకు బుగులు పట్టుకున్నది భాయ్. ఎవడో దొంగతనంగ చూస్తుండు," అన్నాడు యజమాని బాలకిషన్.

లాడ్ బజార్‌లో కంప్యూటర్ మొరాయిస్తే అందరూ పిలిచేది విశ్వేశ్వర్‌నే. మెత్తని మనిషి. బిక్కచచ్చి నిలబడ్డ సుజనను కూర్చోమని, ఫ్యాన్ ఆమె వైపు తిప్పాడు. ఫోన్‌కు కూడా పిచ్చి కాల్స్ వస్తున్నాయా అని అడిగాడు. పనివాళ్ల ఫోన్లన్నీ పొద్దున్నుంచి దుకాణం మూసేదాకా తన సొరుగులోనే ఉంటాయని బాలకిషన్ గర్వంగా చెప్పాడు.

విశ్వేశ్వర్ రెండు గంటలు వెతికాడు. వైరస్ కాదు. విండోస్ మళ్లీ వేసినా, పాస్‌వర్డ్ మార్చినా పోయేది కాదు. లోపం మదర్‌బోర్డు మీది చిప్‌లోనే ఉంది. తయారైననాటి నుంచీ ఉన్న సందు. ఆ సంగతి తెలిసినవాడెవడో అందులోంచి చడీచప్పుడు లేకుండా వచ్చిపోతున్నాడు.

"వచ్చేటోడు దూరంల లేడు సేఠ్. మీ వైఫై అందేంత దగ్గర్లనే, వెనక గల్లీలనే ఉన్నడు."

సుజన తాగుతున్న చాయ్ పక్కన పెట్టేసింది. దొరికితే వాణ్ని ఠాణాలో వేయించి ఎముకలు విరగ్గొట్టిస్తానన్నాడు బాలకిషన్. ఆమె ఏదో చెప్పబోయి తల దించుకుంది.

ముందు సందు మూసేద్దామన్నాడు విశ్వేశ్వర్. అప్‌డేట్ ఒక్కసారి ఎక్కిస్తే దాన్ని వెనక్కి తీయడం తనవల్ల కూడా కాదని హెచ్చరించాడు. తీసే పనే లేదన్నాడు సేఠ్.

స్క్రీన్ నల్లబడింది. దాని మీద తెల్లటి అంకెలు ఒక్కొక్కటే పెరిగి నూరు శాతానికి చేరాయి.

"అయిపోయింది తల్లీ. ఇంక ఫికర్ చేయకు."

ఆమె నవ్వలేదు. విశ్వేశ్వర్ బ్యాగు సర్దుకుని బండి దగ్గరికి వచ్చేసరికి, సేఠ్ కంటపడకుండా వెనకాలే వచ్చింది.

"సార్, ఆ లైటు ఇంక ఎన్నడు వెలగదా?"

"ఎన్నడు వెలగదు. వాడు నీ జోలికి రాలేడు."

ఆమె గోడకు ఆనుకుంది.

"ఒకప్పుడు ఇసొంటి బోర్డులు బాగుచేసిన మా ఆయన మంచంల పడ్డడు సార్, కదిలేది ఒక్క వేలే, ఊపిరాడనప్పుడు నన్ను పిలిచేది ఆ లైటుతోనే."