పట్టా మీద బూడిద

జ్ఞానదాసుకి ఆ వేళ మనసు నిమ్మళంగా లేదు.

హార్బరు రైలు పట్టాల గేటు దగ్గర అతను టెంపరరీ గేట్‌మేన్. మర్నాడు ఇన్‌స్పెక్టరు వస్తాడు. అంతా శుభ్రంగా ఉంటేనే ఉద్యోగం పర్మనెంటు.

సరిగ్గా అప్పుడే ఆ ముసల్ది మళ్ళీ తయారైంది. ఎవరో ఏమో, రోజూ వచ్చి పట్టాల మీద బూడిద రుద్దుతుంది.

"ఏటి సేత్తన్నావమ్మా? రోజూ ఇదేటి గోల?"

"సేపల గంపలోళ్ళు ఇటే నడుత్తారు బాబూ. కారిన నూనె పట్టాకి అంటుకుంటాది. కంటికి అవుపడదు. గుడ్డతో తుడిసినా పోదు, బూడిదే పీల్చుకుంటాది. మంచు పడితే సక్రాలు జారిపోతాయి."

"అంతేసి ఇంజను నీ సేప నూనెకి జారిపోద్దా? రేపు ఇన్‌స్పెక్టరొత్తాడు, ఈ బూడిద సూత్తే నా నోట్లో మట్టే. ఎల్లెల్లు!"

బూడిద డబ్బా లాక్కుని కాలవలోకి విసిరేశాడు.

ఆవిడ డబ్బా పడిన వైపే చూస్తూ నిలబడింది. అతనికి అదీ చిరాకే.

మర్నాడు పొద్దున్నే మంచు. ఆవిడ వంగి పట్టాను కొంగుతో తుడుస్తోంది.

"మళ్ళీ వచ్చావా?"

"బూడిద తేలేదులే బాబూ. నీ గేటు మాసిపోద్దని."

చేపల గంపల ఆడవాళ్ళు పట్టాలు దాటుతుండగా పొగ ఇంజను కూసింది. జ్ఞానదాసు ఎర్రజెండా చూపించాడు. డ్రైవరు అర్జునరావు బ్రేకు వేశాడు. చక్రాలు ఆగిపోయాయి. ఇంజను మాత్రం ఆగలేదు, జారుకుంటూ వచ్చేసింది.

"తప్పుకోండే!" అంటూ ఆవిడ పట్టాల మీదున్న గంపల ఆడవాళ్ళను అవతలికి తోసేసింది. తను తప్పుకోలేకపోయింది.

జనం అర్జునరావు చొక్కా పట్టుకున్నారు.

"బ్రేకేశాను బాబో!"

"అబద్ధం! తన్నండిరా!"

జ్ఞానదాసు వంగి పట్టాను తాకాడు. వేలు జర్రున జారింది. అప్పుడే ఇన్‌స్పెక్టరు జీపు దిగుతున్నాడు. ఉద్యోగం కళ్ళ ముందు మెదిలింది. అయినా అరిచేశాడు.

"కొట్టకండి! ఆయన నిజమే సెప్తన్నాడు. పట్టా జారతాదని ఈవిడ సెప్పింది. బూడిద డబ్బా నానే పారేశాను!"

ఆవిడ తలని ఒళ్ళో పెట్టుకుని ఏడుస్తున్న గంపల తాయారు అతని వైపు చూసింది.

"మా ఈ అసిరమ్మ పెనిమిటి కూడా ముందటేడు ఇక్కడే ఇంజను కింద పడి పోనాడు బాబూ. బ్రేకేసినా ఆగలేదని ఆ డ్రైవరు మొత్తుకుంటే, నమ్మింది ఇదొక్కతే."