కల్నల్‌గారి బెల్టు

కల్నల్‌గారితో ఆ ఇంట్లో ఒక్కటే బాధ. లోకంలో అందరి యుద్ధాలూ ముగిశాయి, ఆయనది మాత్రం ఇంకా జరుగుతూనే ఉంది.

కల్నల్ అన్నది వీధివాళ్ళు పెట్టిన పేరు. సాయుధ పోలీసు దళంలో అసలు హోదా ఏమిటో ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు. హాల్లో గోడకి వేలాడే పాత తోలు సరంజామాయే అన్నిటికీ జవాబు. వెడల్పాటి బెల్టు, భుజం మీదుగా వచ్చే పట్టీ, పిస్టల్ పెట్టుకునే ఒర. ఇంటికి ఎవరొచ్చినా ముందు మంచినీళ్ళు, ఆ వెంటనే ఆయుధాగారం కథ.

“గోడ దూకి వచ్చారండీ, తొమ్మిది మంది! గేటు దగ్గర నేనొక్కణ్ణే. ఒర మీద చెయ్యి వేశానో లేదో...”

“ముగ్గురు,” అంటుంది ఆయన భార్య వంటింట్లోంచి.

“ముగ్గురైతే మాత్రం? చేతుల్లో కత్తులు లేవూ?”

“ఒకడి చేతిలో. అదీ తుప్పుపట్టింది.”

ముప్ఫై ఏళ్ళ కాపురం. కథ ఎక్కడ పొంగుతుందో, ఎక్కడ మూత తియ్యాలో ఆవిడకి తెలుసు.

వాళ్ళిద్దరికీ పరిచయమైంది కూడా ఆ ఆయుధాగారం ఉన్న క్యాంపులోనే. ఆవిడ ఆఫీసులో టైపు కొట్టేదని, పాప కడుపున పడ్డాక మానేసిందని ఆయన చెబుతుంటారు. ఆవిడ అవుననీ అనదు, కాదనీ అనదు.

ఆ కథ వింటూ అన్నం తిన్న కూతురు పెరిగి పోలీసుల్లో చేరింది. పోయినేడాది పిస్టల్ పోటీలో రెండో స్థానం దగ్గర ఆగిపోయింది. ఆమెది ఎడమచేతివాటం. డిపార్ట్‌మెంటు ఇచ్చిన ఒరేమో కుడివైపుది. పిస్టల్ బయటికి తీసేలోపే పుణ్యకాలం కాస్తా గడిచిపోయింది.

ఈసారి సొంత ఒర కట్టుకోవడానికి అనుమతి తెచ్చుకుంది. పోటీ ఆదివారం.

“నాన్నా, నీ బెల్టు ఇవ్వవూ? నాకు తగ్గట్టు మార్పించుకుంటాను. నువ్వు కట్టుకున్నది నా నడుముకి ఉంటే ఇక నా చెయ్యి వణకదు.”

కల్నల్‌గారి వేళ్ళు బల్ల మీద టకటకలాడాయి. కంగారు పుడితే పది వేళ్ళూ అలా పరుగెత్తడం ఆయనకి అలవాటు.

“పాత తోలమ్మా, పెళుసెక్కి ఉంటుంది. కొత్తది కొనిస్తాలే.”

“పిల్ల అడుగుతోంది. ఇవ్వండి,” అంది ఆవిడ.

తోలుపని మేస్త్రీ దుకాణానికి ముగ్గురూ వెళ్ళారు. నాకు నడుం నొప్పి, రానన్నారు కల్నల్‌గారు. ఆవిడ ఆయన చెప్పులు తెచ్చి ఎదురుగా పెట్టింది. వచ్చారు.

జిగురు వాసన, మైనం రాసిన దారం ఉండలు, గోడ పొడవునా రకరకాల ఉలులు. మేస్త్రీ నుదుటి మీంచి కళ్ళజోడు దించుకుని ఒరని తిరగేశాడు.

“దీన్ని ఎడమవైపుకి మార్చే పని లేదమ్మా. ఎవరో ముందే మార్చారు. ఇదిగో, పాత కుట్టు విప్పిన చిల్లులు.”

“నాన్నా, నువ్వూ ఎడమచేత్తోనా?”

“అదీ... అప్పట్లో కుడిచేతికి దెబ్బ తగిలిందిలే.”

“ఆ దెబ్బ సంగతి నాకు చెప్పనేలేదే!” అంది ఆవిడ.

మేస్త్రీ ఒరని నీళ్ళలో తడిపాడు. తన పిస్టల్ కొలతకి కూతురు చేయించి తెచ్చిన చెక్క పిస్టల్‌ని లోపల దూర్చి, పిండి మర్దించినట్టు బొటనవేళ్ళతో నొక్కి తోలుకి కొత్త ఆకారం తెప్పించాడు. అది ఆరేలోపు బెల్టు తీసి ఆమె నడుముకి చుట్టాడు. బకిల్ సూది లోపలివైపు మొదటి రంధ్రంలో ఠక్కున దిగింది. అన్నిటికంటే అరిగిన రంధ్రం అదే.

“సార్ అప్పట్లో ఇంత సన్నమా!” అంటూ మేస్త్రీ కల్నల్‌గారి బొజ్జ వైపు చూశాడు. మర్యాదగా ఉండదని చూపు తిప్పుకున్నాడు.

“బెత్తంలా ఉండేవాణ్ణి,” అన్నారు కల్నల్‌గారు, ఊపిరి లోపలికి పీల్చి.

“మరి ఇదేంటి సార్? అసలు రంధ్రాలు అయిపోయాక, చివర్న మేకుతో పొడిచినవి అయిదున్నాయి, వంకరటింకరగా. ఒక్కోటీ నెల్లాళ్ళకి మించి వాడినట్టు లేదు. నడుం చకచకా పెరిగింది. ఆఖరి రంధ్రం తర్వాత బెల్టు కట్టనే లేదు.”

“మెస్సు భోజనం,” అన్నారు కల్నల్‌గారు నీరసంగా.

“బాగా ఒంటబట్టింది,” అంది ఆవిడ.

కూతురు పకపకా నవ్వింది. కల్నల్‌గారు నవ్వలేదు. దుకాణం గుమ్మం వైపు చూశారు. గుమ్మానికి అడ్డంగా ఆవిడ స్టూలు వేసుకుని కూర్చుంది.

మేస్త్రీ కత్తి అందుకున్నాడు. “ఈ చివర తోలు బలహీనంగా ఉందమ్మా. ఈ అయిదు రంధ్రాలూ కోసి పారేస్తే బెల్టు నీకు అచ్చంగా సరిపోతుంది.”

ఆవిడ లేచింది. ఎడమచెయ్యి చాచి బెల్టు చివర పట్టుకుంది.

“అక్కడ కోయొద్దు.”

“ఏంటమ్మా, నాన్న బొజ్జ గుర్తుల మీద ఇంత ప్రేమా!”

ఆవిడ తల అడ్డంగా ఊపింది. చెయ్యి తియ్యలేదు. మేస్త్రీ కత్తి గాల్లోనే ఉండిపోయింది.

కల్నల్‌గారి పది వేళ్ళూ పనిబల్ల మీద ఈ చివరనుంచి ఆ చివరకి టకటకా పరుగెత్తి, చప్పున ఆగిపోయాయి. ఆయన కూతురి మొహంలోకి చూసి గొంతు సవరించుకున్నారు.

“తప్పు నాదేనమ్మా, ఆ క్యాంపులో టైపు కొట్టింది నేను, ఈ బెల్టు కట్టుకుని గేటు కాసింది మీ అమ్మ, నువ్వు కడుపులో పెరుగుతుంటే నెలకొక రంధ్రం పొడిచి ఇచ్చింది మాత్రం నిజంగా నేనే.”